ఐన్‌స్టీన్ సమీకరణాలతో కొలిచి ఐన్‌స్టీన్‌నే పరీక్షిస్తే అది పరీక్షేనా?

2015లో రెండు బ్లాక్ హోల్స్ కలిసిపోయినప్పుడు పుట్టిన గురుత్వ తరంగాలను, అంటే స్థలకాలంలో అలల్లా వ్యాపించే అలజడిని, పట్టుకున్నారన్న వార్త మీద మీరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: బ్లాక్ హోల్‌లోంచి వెలుగే బయటికి రాదంటారు, మరి ఆ తరంగాలు ఎలా వచ్చాయి? సెకనులో ఐదో వంతు నిడివి ఉన్న సిగ్నల్ చూసి, ఒక బ్లాక్ హోల్ 36 సూర్యులంత, ఇంకొకటి 29 సూర్యులంత బరువని ఎలా తేల్చారు? చివరిగా, ఐన్‌స్టీన్ సమీకరణాలతో తయారుచేసిన నమూనాను డేటాకు సరిపోల్చి, సరిపోయింది కాబట్టి ఐన్‌స్టీన్ కరెక్ట్ అనడం తిరిగి తిరిగి మొదటికే రావడం కాదా?

మూడింటిలో చివరిదే అసలు ప్రశ్న. ఇలాంటి డేటా విశ్లేషణ పనిలో చాలాకాలంగా ఉన్నాను. సెమినార్లలో ఎవరో ఒకరు దీన్ని అడుగుతూనే ఉంటారు, పూర్తి జవాబు వచ్చేలోపు టీ బ్రేక్ వచ్చేస్తుంది. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు కాబట్టి కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

మొదటి సందేహం త్వరగా తీరిపోతుంది. ఆ తరంగాలు బ్లాక్ హోల్ లోపలి నుంచి రావు. రెండు బ్లాక్ హోల్స్ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటే వాటి బయట ఉన్న స్థలకాలం ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుంది. ఆ అలజడే కాంతి వేగంతో దూరానికి వ్యాపిస్తుంది. ఈవెంట్ హొరైజన్, అంటే బ్లాక్ హోల్ సరిహద్దు, దాటి లోపలికి పోయింది ఏదీ వెనక్కి రాలేదు. మరి మూడు సూర్యులంత ద్రవ్యరాశి శక్తిగా మారి పోయిందంటారు, అదెక్కడిది? దూరం నుంచి చూస్తే ఆ జంట మొత్తం ద్రవ్యరాశిలో రెండు బ్లాక్ హోల్స్‌తో పాటు వాటి కదలిక శక్తి, వాటిని కట్టి ఉంచిన గురుత్వ శక్తి కూడా కలిసే ఉంటాయి. తరంగాలు పట్టుకుపోయేది ఆ ఖాతాలోంచి. ఎంత వరకు పట్టుకుపోవచ్చు అన్నదానికి హాకింగ్ పెట్టిన హద్దు ఒకటి ఉంది, దాని సంగతి కింద వస్తుంది.

ఇక బరువు తూచడం. 2015 సెప్టెంబర్ 14న అమెరికాలోని హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్‌లలో గురుత్వ తరంగాల కోసం కట్టిన లైగో డిటెక్టర్లు రెండూ సుమారు 7 మిల్లీసెకన్ల తేడాతో ఒకే ఆకారం ఉన్న సిగ్నల్‌ను పట్టాయి. తేదీని బట్టే దానికి జీడబ్ల్యూ150914 అని పేరు. ఒక్కో డిటెక్టర్‌లో 4 కిలోమీటర్ల పొడవున్న రెండు గొట్టాలు లంబకోణంలో ఉంటాయి, వాటి కొసల్లో అద్దాలు, మధ్యలో లేజర్ కాంతి. తరంగం బాగా బలంగా ఉన్న క్షణంలో కూడా ఆ 4 కిలోమీటర్లలో వచ్చిన మార్పు, ప్రోటాన్ వ్యాసాన్ని నాలుగు వందల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్కంత.

ఆ సిగ్నల్ ఫ్రీక్వెన్సీ 35 హెర్ట్జ్ దగ్గర మొదలై 0.2 సెకన్లలో 250 హెర్ట్జ్ దాకా ఎగబాకింది. మనకు కావలసినవి రెండే సంఖ్యలు: ఫ్రీక్వెన్సీ ఎంత, అది ఎంత వేగంగా పెరుగుతోంది. తరంగాల వల్ల శక్తి పోయే కొద్దీ కక్ష్య కుంచించుకుపోతుంది, తిరుగుడు వేగం పెరుగుతుంది. ఎంత బరువైన జంట అయితే అంత తొందరగా. ఈ రెండు సంఖ్యల నుంచి చిర్ప్ మాస్ అనే రాశి వస్తుంది, అది రెండు ద్రవ్యరాశులను ఒక ప్రత్యేక సూత్రంతో కలిపి చెప్పే ఒకే సంఖ్య. ఆ రోజు సిగ్నల్‌కు అది దాదాపు 30 సూర్యుల ద్రవ్యరాశి. చిర్ప్ మాస్ అంత ఉండాలంటే, డిటెక్టర్ దగ్గర కొలిచిన లెక్కలో, రెండింటి మొత్తం కనీసం 70 సూర్యులు ఉండాలి.

ఇక్కడి నుంచి లెక్క చాలా అందంగా నడుస్తుంది. సిగ్నల్ గరిష్ఠంగా ఉన్నప్పుడు ఫ్రీక్వెన్సీ 150 హెర్ట్జ్. గురుత్వ తరంగం కక్ష్యకు రెండు రెట్ల ఫ్రీక్వెన్సీతో వస్తుంది, అంటే అవి సెకనుకు 75 సార్లు చుట్టి వస్తున్నాయి. 70 సూర్యులంత జంట ఆ వేగంతో తిరగాలంటే మధ్య దూరం సుమారు 350 కిలోమీటర్లే. అంత ద్రవ్యరాశి ఉన్న రెండు బ్లాక్ హోల్స్ వ్యాసార్ధాలు కలిపితేనే 210 కిలోమీటర్లు. మామూలు నక్షత్రాలు అక్కడ పట్టవు, ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన తెల్ల మరుగుజ్జు తారలూ పట్టవు. వాటికంటే ఎంతో చిన్నవి, దట్టమైనవి అయిన న్యూట్రాన్ తారలు పడతాయి కానీ అవి అంత బరువు మోయలేవు. ఒకటి న్యూట్రాన్ తార, ఇంకొకటి పెద్ద బ్లాక్ హోల్ అనుకుందామంటే, ఆ చిర్ప్ మాస్ రావడానికి బ్లాక్ హోల్ ఎంత పెద్దదవ్వాలంటే, అవి ఇంకా తక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గరే కలిసిపోయి ఉండాలి. మిగిలింది రెండు బ్లాక్ హోల్స్ ఒక్కటే. కాగితం, పెన్ను చాలు దీనికి.

విశ్వం వ్యాకోచం వల్ల సిగ్నల్ దారిలో సాగుతుంది కాబట్టి డిటెక్టర్‌లో కనిపించే ద్రవ్యరాశి అసలు కంటే కొంచెం ఎక్కువ. ఈ ఘటనలో 9 శాతం. అది తీసేస్తే 36, 29 వస్తాయి. దూరం తరంగం బలాన్ని బట్టి వస్తుంది, సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరాలు. అన్నింటిలో నమ్మకం తక్కువ ఉన్నది ఈ దూరమే. కక్ష్య మన వైపు ఎంత వాలి ఉందో సరిగ్గా తెలియకపోతే, దగ్గరున్న బలహీనమైన జంటకూ దూరాన ఉన్న బలమైన జంటకూ తేడా చెప్పడం కష్టం. పేపర్లలో దూరం పక్కన అంత పెద్ద పొరపాటు పరిధి ఉండేది అందుకే.

ఇప్పుడు మూడో ప్రశ్న.

ముందు ఒక సంగతి. నాయిస్‌లో, అంటే డిటెక్టర్‌లో ఎప్పుడూ ఉండే అనవసరపు అలజడిలో, దాగిన సిగ్నల్‌ను ముందుగా లెక్కగట్టిన నమూనాలతో పోల్చి వెతకడం ఈ రంగంలో ప్రధాన పద్ధతి. దానికి పునాది వేసినవాళ్లలో పుణేలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకా నుంచి సంజీవ్ ధురంధర్, బి.ఎస్. సత్యప్రకాశ్ ఉన్నారు. ఆ నమూనాలకు కావలసిన కక్ష్య లెక్కల్లో బెంగళూరు రామన్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన బాలా అయ్యర్ కృషి చాలా ఉంది. అయితే 2015 సిగ్నల్‌ను మొదట పట్టింది ఈ పద్ధతి కాదు. ఏ నమూనా లేకుండా, రెండు డిటెక్టర్లలో ఒకేలా కనిపించే అలజడి ఏదైనా ఉందా అని వెతికే ప్రోగ్రామ్ దాన్ని మూడు నిమిషాల్లో చూపించింది. అంటే ఐన్‌స్టీన్ చెప్పిన ఆకారం కోసం వెతికాం కాబట్టి అదే దొరికింది అనడానికి, కనీసం ఆ ఘటన విషయంలో, వీల్లేదు.

అసలు జవాబు ఇది. ఒక జంటను వర్ణించడానికి సిద్ధాంతంలో మనం తిప్పగలిగే మరలు, కక్ష్య వృత్తాకారం అనుకుంటే, 15: రెండు ద్రవ్యరాశులు, రెండింటి భ్రమణాలు (ఒక్కోదానికి మూడు సంఖ్యలు), ఆకాశంలో చోటు, దూరం, వాలు, సమయం వగైరా. డేటాలో ఉన్న సమాచారం అంతకంటే ఎక్కువ. మరలు కొన్ని బిగించేశాక సిగ్నల్‌లో మిగిలిన ప్రతి మెలికనూ సిద్ధాంతమే ముందుగా చెప్పాలి, అక్కడ తిప్పడానికి మన చేతిలో ఏమీ మిగలదు. కాబట్టి తప్పయ్యే అవకాశం నిజంగా ఉంది. సరిపోలడం ముందే ఖాయమైతే అది పరీక్ష కాదు. ఇక్కడ ఖాయం కాదు.

ఈ తప్పయ్యే అవకాశాన్ని రకరకాలుగా వాడతారు. సిగ్నల్‌ను రెండు ముక్కలు చేస్తారు. దగ్గరవుతూ తిరిగే తొలి భాగం ఒక్కటే తీసుకుని, చివర్లో ఎంత బరువున్న, ఎంత వేగంగా తిరిగే బ్లాక్ హోల్ మిగలాలో లెక్కగడతారు. కలిసిపోయాక వచ్చే చివరి భాగం నుంచి అదే లెక్క విడిగా చేస్తారు. రెండూ కలవకపోతే సిద్ధాంతానికి ప్రమాదం. ఇంకో పద్ధతిలో, కక్ష్య ఎలా కుంచించుకుపోవాలో చెప్పే సూత్రంలోని ఒక్కో పదాన్ని కావాలనే కొంచెం మార్చడానికి వీలిచ్చి, ఆ మార్పు ఎంత ఉండాలో డేటానే అడుగుతారు. ఐన్‌స్టీన్ ప్రకారం సున్నా రావాలి. ఇప్పటిదాకా సున్నాకు భిన్నంగా నమ్మదగ్గ విలువ ఏదీ రాలేదు.

‘ఇవన్నీ పల్సార్లతో ఎప్పుడో తేలాయి కదా’ అని కొందరు అంటారు. పల్సార్ అంటే తిరుగుతూ క్రమంగా రేడియో స్పందనలు పంపే న్యూట్రాన్ తార. హల్స్, టేలర్ 1974లో కనుగొన్న జంట పల్సార్ కక్ష్య తరంగాల వల్ల కుంచించుకుపోతోందని నిజంగానే తేలింది, 1993లో నోబెల్ కూడా వచ్చింది. కానీ అక్కడ తారల వేగం కాంతి వేగంలో వెయ్యో వంతు ప్రాంతంలో ఉంటుంది. కలిసిపోయే ముందు బ్లాక్ హోల్స్ వేగం కాంతి వేగంలో సగం దాటుతుంది. గురుత్వాకర్షణ అంత బలంగా, అంత వేగంగా మారే చోట ఐన్‌స్టీన్ సమీకరణాలను 2015కు ముందు ఎవరూ పరీక్షించలేకపోయారు.

నమూనాల గొడవే లేని పరీక్షలు కూడా ఉన్నాయి. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ తారలు కలిసిన సిగ్నల్ వచ్చింది, 1.7 సెకన్ల తర్వాత అదే వైపు నుంచి గామా కిరణాలు వచ్చాయి. ఎన్‌జీసీ 4993 అనే ఆ గెలాక్సీ మనకు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. 13 కోట్ల ఏళ్లు ప్రయాణించి, రెండూ రెండు సెకన్ల లోపు తేడాతో చేరాయి. ఆ 1.7 సెకన్లు కూడా గామా కిరణాలు ఆలస్యంగా బయలుదేరడం వల్ల వచ్చి ఉండొచ్చు. విశ్వ వ్యాకోచాన్ని వేగవంతం చేస్తుందని అనుకునే డార్క్ ఎనర్జీ అవసరం లేకుండా విశ్వ వ్యాకోచాన్ని వివరించాలని ప్రతిపాదించిన మార్పుచేసిన గురుత్వ సిద్ధాంతాలు చాలా ఉండేవి. వాటిలో ఎన్నో గురుత్వ తరంగం వేగం కాంతి వేగం కంటే వేరుగా ఉండాలన్నాయి. ఆ ఒక్క రోజుతో వాటి పని అయిపోయింది. నా దృష్టిలో ఈ రంగం ఇచ్చిన ఫలితాల్లో ఇంత పదునైనది ఇంకొకటి లేదు. గొప్ప గణితం అక్కర్లేదు, రెండు గడియారాల తేడా చాలింది.

నాకు ఎక్కువ ఇష్టమైన పరీక్ష మాత్రం వేరు. రెండూ కలిసి ఒకటయ్యాక ఆ కొత్త బ్లాక్ హోల్ కాసేపు కంపించి సర్దుకుంటుంది. దీన్ని మొదట చూపింది బెంగళూరుకు చెందిన సి.వి. విశ్వేశ్వర. బ్లాక్ హోల్ మీదికి ఒక తరంగాన్ని పంపితే ఏమవుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టి, కదిలించిన బ్లాక్ హోల్ ఒక నిర్దిష్ట ఫ్రీక్వెన్సీతో మోగి చప్పున ఆరిపోతుందని 1970లో ప్రచురించారు. అప్పటికి బ్లాక్ హోల్స్ ఉన్నాయని నమ్మేవాళ్లే తక్కువ. 2016 ఫిబ్రవరి 11న లైగో ప్రకటన వచ్చినప్పుడు ఆయన ఉన్నారు. మరుసటి ఏడాది జనవరిలో వెళ్లిపోయారు.

ఆ మోతకు ఎందుకంత విలువ? కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం, పగులుంటే మోత మారిపోతుంది. బ్లాక్ హోల్ విషయంలో ఐన్‌స్టీన్ సిద్ధాంతం చాలా కఠినంగా ఉంటుంది: విద్యుదావేశం లేని బ్లాక్ హోల్‌కు ద్రవ్యరాశి, భ్రమణం తప్ప వేరే గుణమే లేదంటుంది. ఏ తారల నుంచి పుట్టింది, ఏం మింగింది అన్నవి ఏవీ బయటికి కనబడవు. కాబట్టి మోతలోని ప్రతి స్వరం ఫ్రీక్వెన్సీ, అది ఆరిపోయే సమయం ఈ రెండు సంఖ్యలతోనే నిర్ణయమవుతాయి. ఒక స్వరం నుంచి ద్రవ్యరాశి, భ్రమణం రాబట్టాక రెండో స్వరం ఎక్కడ ఉండాలో ఇక తప్పించుకోలేం. అక్కడ లేకపోతే అది ఐన్‌స్టీన్ చెప్పిన బ్లాక్ హోల్ కాదు.

చిక్కల్లా రెండో స్వరం వినబడటంలోనే. 2015 ఘటనలో ఆ మోత కొన్ని మిల్లీసెకన్లలోనే నాయిస్‌లో కలిసిపోయింది. అందులో రెండో స్వరం ఉందా లేదా అని పరిశోధకుల మధ్య ఏళ్ల తరబడి వాదన నడిచింది. 2025 జనవరి 14న వచ్చిన జీడబ్ల్యూ250114 ఆ వాదనను చాలావరకు సద్దుమణిగేలా చేసింది. ద్రవ్యరాశులు దాదాపు 2015 నాటివే, 33, 32 సూర్యుల ప్రాంతం. కానీ ఈ పదేళ్లలో డిటెక్టర్లు మెరుగుపడటంతో సిగ్నల్, నాయిస్ నిష్పత్తి 24 నుంచి 80 దగ్గరికి చేరింది. ఈసారి రెండు స్వరాలు విడివిడిగా తేలాయి, రెండూ సిద్ధాంతం చెప్పిన చోటే ఉన్నాయి. అయితే రెండో స్వరం విషయంలో కొలత పొరపాటు ఇంకా పదుల శాతాల్లోనే ఉంది. ‘ఐన్‌స్టీన్ నూటికి నూరుపాళ్లు కరెక్ట్’ అని వచ్చిన హెడ్‌లైన్లు చూసి టెన్షన్ పడకండి, ఏ పేపర్‌లోనూ అలా రాయలేదు.

అదే ఘటన హాకింగ్ పెట్టిన హద్దునూ పరీక్షించింది. బ్లాక్ హోల్స్ కలిసినప్పుడు మొత్తం ఉపరితల వైశాల్యం తగ్గకూడదని 1971లో ఆయన నిరూపించారు. వైశాల్యం ద్రవ్యరాశి వర్గంతో పెరుగుతుంది. భ్రమణాన్ని పక్కనపెట్టి చూడండి: 30, 30 కలిసి 57 అయ్యాయనుకుందాం, మూడు సూర్యులంత శక్తి పోయింది. ముందు 900, 900 కలిపి 1800. తర్వాత 57 వర్గం 3249. ద్రవ్యరాశి తగ్గినా వైశాల్యం పెరిగింది. హాకింగ్ నియమం ఒక్కటే అడ్డైతే చివరి ద్రవ్యరాశి 42.4 దాకా పడిపోవచ్చు, అంటే 17 సూర్యులకు పైగా శక్తి పోవచ్చు. ప్రకృతి అంత దూరం వెళ్లదు. 2025 ఘటనలో కలవకముందు భాగం నుంచి లెక్కగట్టిన వైశాల్యం సుమారు 2,40,000 చదరపు కిలోమీటర్లు, కలిశాక మోత నుంచి విడిగా లెక్కగట్టింది సుమారు 4,00,000. 2021లో మొదటి సిగ్నల్‌తో ఇదే పరీక్ష చేస్తే నమ్మకం 95 శాతం ప్రాంతంలో ఉంది. ఇప్పుడది 99.999 శాతం. ముందు భాగం, వెనక భాగం వేర్వేరుగా వాడారు కాబట్టి, మీరు అన్న ‘తిరిగి మొదటికే రావడం’ ఇక్కడ లేదు.

మీ అనుమానం నిజంగా పనికొచ్చే చోటు ఇంకొకటుంది. ఫలితం ఐన్‌స్టీన్‌కు వ్యతిరేకంగా వస్తే ఏం చేయాలి? మన నమూనాలు పూర్తి సిద్ధాంతం కావు, సూపర్ కంప్యూటర్ లెక్కలను బట్టి చేసిన అంచనాలు. కక్ష్య వృత్తాకారమని అనుకున్నాం, అది కొంచెం కోలగా ఉంటే తేడా కనిపిస్తుంది, అది కొత్త భౌతికశాస్త్రంలా మోసం చేయగలదు. డిటెక్టర్‌లో ఆ క్షణాన ఏదైనా చిన్న అదురు వచ్చినా అంతే. 2023 నవంబర్ 23 నాటి సిగ్నల్‌లో 137, 103 సూర్యులంత బ్లాక్ హోల్స్ విపరీతమైన భ్రమణంతో కలిశాయి. వేర్వేరు నమూనాలు దానికి వేర్వేరు విలువలిచ్చాయి, ఎందుకంటే అంత భ్రమణం దగ్గర నమూనాలే తడబడతాయి. హొరైజన్ దగ్గరి నుంచి ప్రతిధ్వనులు కనబడ్డాయని 2016 చివర్లో వచ్చిన వాదన కూడా తర్వాతి విశ్లేషణల్లో నిలబడలేదు. అందుకే ఒక్క ఘటనలో తేడా వచ్చిందంటే నేను మొదట నమూనాను అనుమానిస్తాను, తర్వాత డిటెక్టర్‌ను, ఐన్‌స్టీన్‌ను అన్నింటికంటే చివర. ఈ వరుస పక్షపాతమే, ఒప్పుకుంటాను. కానీ దాన్ని దాటే దారి ఉంది: వేర్వేరు ద్రవ్యరాశులున్న పదుల కొద్దీ ఘటనల్లో ఒకే రకం తేడా వస్తే ఈ సాకులేవీ చెల్లవు. 2025లో విడుదలైన నాలుగో జాబితాతో ఘటనల సంఖ్య 218కి చేరింది కాబట్టి అలాంటి ఉమ్మడి పరీక్షలు ఇప్పుడు చేయగలుగుతున్నాం.

ఇంకా సరిగ్గా జరగని పరీక్ష తరంగాల కంపన దిశలది. ఐన్‌స్టీన్ ప్రకారం రెండు రకాలే ఉండాలి, ఇతర సిద్ధాంతాల్లో ఆరు దాకా ఉండొచ్చు. అమెరికాలోని రెండు డిటెక్టర్లు దాదాపు ఒకే దిశలో అమర్చి ఉండటంతో అవి రెండే ఉంటే ఈ తేడా పట్టలేవు. 2017 ఆగస్టులో ఇటలీలోని వర్గో డిటెక్టర్ వీటితో కలిశాక కొంత వీలైంది. మహారాష్ట్రలో హింగోలి జిల్లాలో రానున్న లైగో-ఇండియా ఈ పనికి ఎంతో ముఖ్యం. ఒకప్పుడు నిజాం రాజ్యంలో భాగమైన ప్రాంతమది, నాందేడ్‌కు పొరుగు జిల్లా. 2023 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ దీనికి 2,600 కోట్ల రూపాయలు మంజూరు చేసింది.

ఇంత చదివినా అనుమానం తీరకపోతే మీరే చేసి చూడండి. లైగో డేటా ఉచితంగా దొరుకుతుంది, కొంచెం పైథాన్ వస్తే చాలు. జీడబ్ల్యూ150914కు చెందిన 32 సెకన్ల ఫైల్ దించుకుని, 35 నుంచి 350 హెర్ట్జ్ వరకు ఉంచి మిగతా నాయిస్ తీసేస్తే సిగ్నల్ కంటికే కనబడుతుంది. అది సున్నాను దాటే సమయాల నుంచి ఒక్కో చోట ఫ్రీక్వెన్సీ లెక్కగట్టండి. ఆ ఫ్రీక్వెన్సీని మైనస్ 8/3 ఘాతానికి తీసుకెళ్లి సమయంతో గ్రాఫ్ గీయండి. బిందువులు దాదాపు సరళరేఖలో వస్తాయి, దాని వాలు నుంచే చిర్ప్ మాస్ వచ్చేస్తుంది. సున్నాను దాటే చోట్లు గుర్తించడానికి ఏ నమూనా ఆకారమూ అక్కర్లేదని గమనించండి. చివరి కొన్ని మిల్లీసెకన్లలో బిందువులు రేఖ వదిలి పక్కకు తప్పుతాయి. ఆ సులువైన సూత్రం చెల్లేది అక్కడిదాకే. అక్కడి నుంచి పూర్తి సమీకరణాలు కావాలి, ఈ పరీక్షల్లో గట్టివన్నీ ఆ కొద్దిపాటి డేటా మీదే జరుగుతాయి.